పెంపుడు కుక్కతో విదేశాలకు తరలివెళ్లడం

ఉద్యోగం మీదో, చదువు కోసమో, స్థిర నివాసానికో దేశం దాటే కుటుంబం తన పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లాలంటే మూడు అంచెలు దాటాలి. బయల్దేరే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, విమాన సంస్థ ఒప్పుకోలు, చేరే దేశపు పశు ఆరోగ్య శాఖ అనుమతి. అసలు షరతులు పెట్టేది చేరే దేశమే. మిగతా రెండూ దాన్నిబట్టే నడుస్తాయి. ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లు అని మనిషిని సవాలక్ష ప్రశ్నలడిగే సరిహద్దు, కుక్క విషయంలో ప్రధానంగా అడిగేది ఒక్కటే: దీనితోపాటు రేబీస్ రాదని నమ్మకమేమిటి? చిప్, టీకా, రక్తపరీక్ష, నిరీక్షణ, క్వారంటైన్ అన్నీ ఆ ప్రశ్నకు జవాబులే. అందుకే ఈ ప్రయాణంలో టికెట్ మీది తేదీ కన్నా కుక్క రక్తం తీసిన తేదీకే విలువ ఎక్కువ. భారత్ నుంచి ఐరోపాకు వెళ్లాలంటే కనీసం నాలుగు నెలల ముందు, జపాన్‌కైతే ఏడెనిమిది నెలల ముందు పని మొదలుపెట్టాలి. ఆస్ట్రేలియాకు నేరుగా తీసుకెళ్లే దారే లేదు.

రేబీస్ లెక్క

పిచ్చికుక్క కరిచినప్పుడు దాని లాలాజలంలోని రేబీస్ వైరస్ కండలోకి చేరి, నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా దాదాపుగా చావు తప్పదు. కాటుకూ లక్షణాలకూ మధ్య గడిచే కాలం కుక్కల్లో సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉంటుంది. అన్నాళ్లూ కుక్క మామూలుగానే తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. పశువైద్యుడు పట్టిపట్టి చూసినా తేడా కనిపించదు. బతికున్న కుక్కలో ఆ దశలో వైరస్‌ను ఖాయంగా పట్టుకునే పరీక్ష లేదు. జబ్బును కచ్చితంగా నిర్ధారించేది చనిపోయాక మెదడు కణజాలాన్ని పరీక్షించాకే.

కాబట్టి ‘ఈ కుక్క ఆరోగ్యంగా ఉంది’ అని రాసిచ్చిన కాగితం ఒక్కటే సరిహద్దులో చెల్లదు. జబ్బు దాగి ఉండగల కాలమంతా కుక్కను బంధించి గమనించడం ఒక మార్గం. టీకా పనిచేసిందని రక్తపరీక్షతో రుజువు చేసి, ఆ నిరీక్షణ కాలాన్ని ప్రయాణానికి ముందే సొంత ఇంట్లో గడపనివ్వడం రెండో మార్గం. నూరేళ్లపాటు ప్రపంచం మొదటి దారిలో నడిచింది. ఈ పాతికేళ్లలో రెండోదానికి మళ్లింది.

నిర్బంధం నుంచి రుజువుకు

కుక్కల క్వారంటైన్‌కు పేరుమోసిన దేశం బ్రిటన్. వీధి కుక్కలను పట్టడం, మూతికి బుట్టలు కట్టించడం, 1897 నుంచి విదేశీ కుక్కల రాకపై కట్టడి పెట్టడం వంటి చర్యలతో 1902 నాటికి అక్కడ రేబీస్ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు దొంగచాటుగా తెచ్చిన కుక్కలతో 1918లో మళ్లీ వచ్చింది. దాన్ని 1922లో రెండోసారి తుడిచిపెట్టాక బ్రిటన్ ఆరు నెలల క్వారంటైన్ నియమాన్ని గట్టిగా పట్టుకుంది. భారత్‌లో కొలువు చేసి ఇంటికి తిరిగెళ్లే తెల్లదొరలు తమ కుక్కలను ఈ నిబంధనకే అప్పగించాల్సి వచ్చేది. 1968లో నటి ఎలిజబెత్ టేలర్ తన కుక్కలను క్వారంటైన్‌కు పంపడం ఇష్టంలేక, థేమ్స్ నదిలో ఒక నౌకను అద్దెకు తీసుకుని వాటిని అందులోనే ఉంచింది. కుక్కలు ఒడ్డు తొక్కనంతవరకు చట్టం వాటి జోలికి రాలేదు.

క్వారంటైన్ కూడా సంపూర్ణ రక్షణ కాదని మరుసటి ఏడాదే తేలింది. జర్మనీ నుంచి వచ్చి ఆరు నెలల నిర్బంధం పూర్తిచేసుకున్న ఒక కుక్కకు, బయటికొచ్చిన కొద్ది రోజులకే 1969లో క్యాంబర్లీ పట్టణంలో రేబీస్ బయటపడింది. అయినా ప్రజల్లోని భయం వల్ల నియమం మరో 30 ఏళ్లు కొనసాగింది. టీకాల నాణ్యత, చిప్‌లు, యాంటీబాడీల పరీక్ష నమ్మదగ్గ స్థాయికి వచ్చాక 2000 ఫిబ్రవరి 28న బ్రిటన్ ‘పెట్ ట్రావెల్ స్కీమ్’ ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య 2004 నుంచి తన సభ్య దేశాల కుక్కలకు నీలిరంగు పెట్ పాస్‌పోర్టు ఇచ్చింది. ఆ తర్వాతి 576/2013 నిబంధన 2014 డిసెంబర్ 29 నుంచి అమల్లోకి వచ్చింది. బ్రిటన్ 2012 జనవరి 1న ఐరోపా పద్ధతిలోకి మారింది. సమాఖ్య నుంచి బయటికొచ్చినా బయటి దేశాల కుక్కలకు చిప్, టీకా, పరీక్ష, నిరీక్షణ అన్న చట్రాన్నే వాడుతోంది.

చిప్, టీకా, రక్తపరీక్ష

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. సూదితో మెడ వెనుక, భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. దానిలో బ్యాటరీ ఉండదు. కుక్క ఎక్కడుందో చెప్పే జీపీఎస్ అనుకోవడం పొరపాటు. రీడర్ దగ్గరికి తెస్తే 15 అంకెల సంఖ్య ఒక్కటి పలుకుతుంది, అంతే. అంతర్జాతీయ ప్రయాణాలకు ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాల చిప్ కావాలి. చేతిలో ఉన్న కాగితం ఈ కుక్కదే అని చెప్పే ఆధారం ఆ సంఖ్యే కాబట్టి టీకా పుస్తకం, ల్యాబ్ నివేదిక, ఆరోగ్య పత్రం అన్నింటి మీదా అది ఒక్క అంకె తేడా లేకుండా ఉండాలి.

టీకా చిప్ వేసిన రోజునో, ఆ తర్వాతో వేయించాలి. చిప్‌కు ముందు వేసిన రేబీస్ టీకా మంచిదే అయినా ప్రయాణం లెక్కలోకి రాదు. ఏ కుక్కకు వేశారో రుజువు లేదు గనక. ఐరోపా నియమం ప్రకారం మొదటి టీకా నాటికి కుక్కకు 12 వారాలు నిండి ఉండాలి. బూస్టర్ పాత టీకా గడువులోపే పడాలి. గడువు దాటాక వేయిస్తే దాన్ని కొత్తగా మొదటి టీకాగానే లెక్కిస్తారు. దానితో రక్తపరీక్ష కూడా మొదటికొస్తుంది.

రక్తపరీక్ష సీరంలోని యాంటీబాడీలను కొలుస్తుంది. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే టీకా పట్టినట్టు లెక్క. ఐరోపా సమాఖ్య తరఫున ఈ పరీక్షలను పర్యవేక్షించే ప్రయోగశాల ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో ఉంది. చేరే దేశం గుర్తించిన ల్యాబ్‌లోనే పరీక్ష చేయించాలి. మన వీధిలోని ల్యాబ్ ఎంత మంచి ఫలితం ఇచ్చినా పనికిరాదు. బెంగళూరు హెబ్బాళ్ పశువైద్య కళాశాల రేబీస్ ల్యాబ్ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన రిఫరెన్స్ ల్యాబ్. అయినా సరే, రక్తం తీసే ముందు వెళ్లబోయే దేశపు తాజా జాబితా చూసుకోవాల్సిందే.

రక్తం తీశాక మళ్లీ నిరీక్షణ ఎందుకన్నది చాలామందికి వచ్చే సందేహం. టీకాకు ముందే కాటు పడి, వైరస్ నరాల్లో ఉండి ఉంటే, ఆ కుక్క రక్తంలో కూడా టీకా వల్ల యాంటీబాడీలు కనిపిస్తాయి. అలాంటి కుక్కలో జబ్బు మూడు నెలల్లోపే బయటపడే అవకాశం ఎక్కువ. పాతకాలపు క్వారంటైన్ బోనులో గడిచిన సమయమే ఇప్పుడు మన ఇంటి వరండాలో గడుస్తుందన్నమాట.

తేదీల వరస: ఒక ఉదాహరణ

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే రెండేళ్ల కుక్కను తీసుకుందాం. ఐరోపా సమాఖ్య పరీక్ష మినహాయించిన దేశాల జాబితాలో భారత్ లేదు కాబట్టి పూర్తి ప్రక్రియ తప్పదు. జనవరి 5న చిప్ వేసి, అదే పూట రేబీస్ టీకా ఇచ్చారనుకుంటే, 30 రోజులు గడిచాక, అంటే ఫిబ్రవరి 5న రక్తం తీయవచ్చు. ఫలితం 0.5కు పైగా వస్తే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు, అంటే మే 5 దాకా ఆగాలి. ఫలితం ఎప్పుడు చేతికొచ్చిందన్నదానితో నిమిత్తం లేదు. మే 6న దిగాలనుకుంటే అధికారిక ఆరోగ్య పత్రం ఏప్రిల్ 26కు ముందు తీసుకోకూడదు. దాని గడువు పది రోజులే. టికెట్ చవగ్గా దొరికిందని ఏప్రిల్ 28కి బుక్ చేసుకుంటే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా కుక్కను ఆపేస్తారు. తిప్పి పంపడం, సొంత ఖర్చుతో నిర్బంధంలో ఉంచడం, వేరే దారి లేకపోతే చంపేయడం కూడా చట్టం అధికారులకిచ్చిన మార్గాలే.

కుక్క వెంట యజమాని లేదా ఆయన లిఖితపూర్వకంగా నియమించిన వ్యక్తి ప్రయాణించాలి. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ ఐదు రోజులకు మించి తేడా ఉంటే, దాన్ని వ్యాపార రవాణాగా చూసి వేరే నిబంధనలు వర్తింపజేస్తారు. ఒకరి వెంట ఐదు జంతువులకు మించకూడదు.

దేశాల తీరు

బ్రిటన్‌కు కూడా భారత్ నుంచి ఇదే చిప్, టీకా, రక్తపరీక్ష, మూడు నెలల నిరీక్షణ. అయితే విమానంలో వచ్చే పెంపుడు కుక్క కేబిన్‌లోనో సామానుగానో దిగడానికి వీల్లేదు. ఆమోదించిన మార్గాల్లో కార్గోగానే రావాలి. అంధుల వెంట ఉండే సహాయక శునకాలకు మాత్రం వేరే ఏర్పాటు ఉంది. హీత్రూలో లండన్ సిటీ కార్పొరేషన్ నడిపే జంతు స్వాగత కేంద్రంలో చిప్, పత్రాలు సరిచూసి గాని అప్పగించరు. బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు పశువైద్యుడి చేతుల మీదుగా బద్దెపురుగు మందు కూడా పడాలి. కుక్క మలం ద్వారా మనుషులకు సోకే ఎకినోకాకస్ అనే పురుగు తమ నేల మీదికి రాకుండా ఆ దేశాలు పెట్టుకున్న కంచె ఇది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్లే అమెరికాలో నియమాలు ఈమధ్యే బాగా బిగుసుకున్నాయి. కుక్కల ద్వారా వ్యాపించే రేబీస్ రకాన్ని నిర్మూలించినట్టు ఆ దేశం 2007లో ప్రకటించింది. కోవిడ్ కాలంలో తప్పుడు టీకా పత్రాలతో వచ్చే కుక్కలు పెరగడంతో, రేబీస్ ముప్పు ఎక్కువున్న దేశాల కుక్కల రాకను 2021 జూలైలో వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ నిలిపేసింది. దాని స్థానంలో కొత్త నిబంధన 2024 ఆగస్టు 1 నుంచి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చినా కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, సీడీసీ దిగుమతి ఫారం నింపాలి. భారత్ ముప్పున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు మరికొన్ని షరతులున్నాయి. ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన టీకా, చిప్ పత్రం కావాలి. సీడీసీ ఆమోదించిన ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాలి. సీడీసీ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకుని, అలాంటి కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. న్యూయార్క్ కెన్నెడీ, వాషింగ్టన్ డల్లస్, అట్లాంటా, లాస్ ఏంజెలెస్ వంటివి కొన్నే ఆ జాబితాలో చేరాయి. టెక్సస్‌కు కాపురం మార్చేవారైనా కుక్కను ముందు అక్కడెక్కడో దింపాలి. కేంద్రంలో వైద్యపరీక్ష చేసి మరోసారి రేబీస్ టీకా వేస్తారు. చెల్లుబాటయ్యే రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్. మధ్యలో మరో దేశం మీదుగా వెళ్తే తప్పించుకోవచ్చనుకోవడం కుదరదు. గత ఆరు నెలల్లో కుక్క ఎక్కడెక్కడ ఉందన్నదే లెక్క.

కెనడా ఇంత కఠినం కాదు. సొంత పెంపుడు కుక్కకు సరైన రేబీస్ టీకా పత్రం ఉంటే రక్తపరీక్షా, క్వారంటైనూ అడగదు. అమ్మకానికో, దత్తతకో తెచ్చే కుక్కలను మాత్రం భారత్ వంటి దేశాల నుంచి 2022 సెప్టెంబర్ 28 నుంచి రానివ్వడం లేదు. యూఏఈకి ముందస్తు దిగుమతి అనుమతి తీసుకోవాలి. సింగపూర్‌లో క్వారంటైన్ గది ముందే బుక్ చేసుకోవాలి. అక్కడ ఎక్కువమంది ఉండే ప్రభుత్వ గృహసముదాయాల్లో ఆమోదిత చిన్న జాతుల కుక్క ఒక్కటే పెంచుకోవచ్చు కాబట్టి లాబ్రడార్ ఉన్నవారు ఇల్లు చూసుకున్నాకే కుక్క సంగతి తేల్చుకోవాలి.

జపాన్‌లో 1957 తర్వాత దేశీయంగా జంతువుల్లో రేబీస్ లేదు. చిప్ వేశాక రెండు టీకాలు, ఆపై రక్తపరీక్ష, రక్తం తీసిన రోజు నుంచి 180 రోజుల నిరీక్షణ, రాకకు 40 రోజుల ముందు నోటీసు అక్కడి నియమాలు. అన్నీ సరిగా ఉంటే దిగిన రోజే 12 గంటల్లోపు తనిఖీ ముగించి వదిలేస్తారు. లోపముంటే 180 రోజుల దాకా నిర్బంధం. అర్ధ సంవత్సరం ఎక్కడ గడపాలన్నది మాత్రమే యజమాని చేతిలో ఉంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఆమోదిత దేశాల జాబితాల్లో భారత్ లేదు. కుక్కను ముందు ఆమోదిత దేశమొకదానికి తరలించి, నెలల తరబడి అక్కడ ఉంచి, అక్కడి అధికారుల పత్రాలతో పంపాలి. ఆస్ట్రేలియా చేరాక మెల్‌బోర్న్ సమీపంలోని మికిల్‌హమ్ ప్రభుత్వ కేంద్రంలో క్వారంటైన్ ఉంటుంది. ఆ దేశపు పట్టుదల ఎంతటిదో 2015లో లోకమంతా చూసింది. నటుడు జానీ డెప్, అప్పటి ఆయన భార్య ఆంబర్ హెర్డ్ పిస్టల్, బూ అనే రెండు చిన్న కుక్కలను చెప్పకుండా ప్రైవేటు విమానంలో తెచ్చారు. గడువులోగా తిప్పి పంపకపోతే చంపేస్తామని వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ బహిరంగంగా హెచ్చరించారు. కుక్కలు వెనక్కి వెళ్లాయి. ప్రయాణపత్రంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు హెర్డ్ 2016లో కోర్టులో ఒప్పుకున్నారు.

మిగతా జబ్బులు

రేబీస్ తర్వాతి స్థానం పిడుదులది. బ్రౌన్ డాగ్ టిక్ అనే పిడుదు మోసే ఎర్లీకియా, బాబీసియా వంటి జబ్బులు మన కుక్కల్లో మామూలే. అవి లేని దేశాలు వాటి పేరు వింటేనే ఉలిక్కిపడతాయి. దక్షిణాఫ్రికా బ్రూసెల్లా, ట్రిపనోసోమా, బాబీసియా గిబ్సొనీ, గుండెపురుగు, లీష్మానియా పరీక్షలు అడుగుతుంది. ఎప్పుడో పిడుదు జ్వరం వచ్చి తగ్గిన కుక్కకు కూడా రక్తంలో యాంటీబాడీలు మిగిలి పరీక్ష పాజిటివ్ రావచ్చు. ఇలాంటి దేశాలకు వెళ్లేవారు టికెట్లకన్నా ముందు ఈ పరీక్షలు చేయించుకుంటే దారి తెరిచి ఉందో లేదో తెలుస్తుంది.

భారత్‌లో పత్రాలు

ఎగుమతి ధ్రువపత్రం ఇచ్చేది కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేసే జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల విభాగం. అందరూ ఏక్యూసీఎస్ అనే అంటారు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో దీని కేంద్రాలున్నాయి. తెలంగాణ వారికి శంషాబాద్ దగ్గరి కేంద్రం అందుబాటులో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వారు బయల్దేరే విమానాశ్రయాన్నిబట్టి హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో ఒకటి ఎంచుకుంటారు. ఊళ్లోని పశువైద్యుడు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టీకా పుస్తకం, చిప్ పత్రం, ల్యాబ్ నివేదిక, యజమాని పాస్‌పోర్టు, టికెట్ ఆధారంగా ఇక్కడి అధికారి కుక్కను చూసి పత్రం జారీచేస్తారు. ఐరోపా వంటి చోట్లకు ఆ దేశాల నమూనాలోనే పత్రం ఉండాలి. ప్రైవేటు డాక్టర్ సంతకం ఒక్కదానితో పని జరగదు.

విమానంలో

కుక్క మూడు విధాలుగా ప్రయాణిస్తుంది. చిన్న కుక్కలను సీటు కింద పట్టే సంచిలో కేబిన్‌లోకి అనుమతించే సంస్థలున్నాయి. సంచితో కలిపి సుమారు 8 కిలోల లోపు అన్నది తరచూ కనిపించే హద్దు. పెద్దవి యజమాని టికెట్ మీద చెక్-ఇన్ సామానుగానో, విడిగా ఎయిర్‌వే బిల్లుతో కార్గోగానో వెళ్తాయి. కింది అర అనగానే సరుకుల చీకటి గోదాము గుర్తొచ్చి చాలామంది బెంబేలెత్తుతారు. జంతువులను ఉంచే ఆ గదిలో గాలి పీడనం ప్రయాణికుల గదిలోలాగే ఉంటుంది, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతారు, ప్రాణులున్నాయని పైలట్‌కు ముందే రాతపూర్వకంగా చెబుతారు. అసలు ప్రమాదం ఆకాశంలో కన్నా నేల మీద ఎక్కువ: మే నెల ఎండలో విమానం పక్కన బోను ఆగిపోయిన అరగంట. అందుకే వేసవిలో రాత్రి విమానాలు మేలు. తీవ్రమైన ఎండ, చలి ఉన్న నెలల్లో కొన్ని సంస్థలు జంతువులను తీసుకోవు. మధ్యలో విమానం మారాల్సి వస్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లా జంతువుల విశ్రాంతి కేంద్రం ఉన్న విమానాశ్రయాన్ని ఎంచుకుంటారు.

బోను కొలతలను అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐఏటీఏ సజీవ జంతువుల నిబంధనల్లో నిర్దేశించింది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా పొడవుకు, నేల నుంచి మోచేతి కీలు దాకా ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు బోను వెడల్పు. నిలబడినప్పుడు తల లేదా చెవుల కొస దాకా ఉన్న ఎత్తు బోను ఎత్తు. కుక్క నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. పొడవు 80, మోచేతి ఎత్తు 30, భుజాల వెడల్పు 22, మొత్తం ఎత్తు 65 సెంటీమీటర్లున్న కుక్కకు కనీసం 95 పొడవు, 44 వెడల్పు, 65 ఎత్తు కావాలి. కింద పరిచే గుడ్డ మందం అదనం. నాలుగు వైపులా గాలి రంధ్రాలు, తలుపు తీయకుండా బయటినుంచే నింపగల నీళ్ల గిన్నె, ‘సజీవ జంతువు’ లేబుళ్లు, పై వైపు చూపే బాణాలు తప్పనిసరి.

ఈ కొలతలే ఖర్చునూ తేలుస్తాయి. కార్గోలో ఘనపరిమాణపు బరువు కడతారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తులను హెచ్చవేసి 6000తో భాగించడం వాడుక. పై బోనుకు అది 45 కిలోలు దాటుతుంది. కుక్క 25 కిలోలే ఉన్నా బిల్లు 45 మీద పడుతుంది. ప్రాణులకు కిలో రేటు కూడా వేరు. పత్రాలు, పరీక్షలు, బోను, ఏజెంటు రుసుము, చేరాక తనిఖీ రుసుము కలిపి చూస్తే పెద్ద కుక్క ప్రయాణ ఖర్చు చాలాసార్లు యజమాని టికెట్‌ను మించిపోతుంది. ఈ వృత్తిలో ఉన్న ఏజెంట్లకు 1979లో ఏర్పడిన ఐపాటా అనే అంతర్జాతీయ సంఘం ఉంది. కొత్త ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు అందులో సభ్యత్వం ఉందేమో చూసుకోవడం మంచిది.

బోనును ప్రయాణం రోజున మొదటిసారి చూపిస్తే కుక్క బెదిరిపోతుంది. వారాల ముందే హాల్లో తలుపు తీసి పెట్టి, అన్నం అందులోనే పెడుతూ, రాత్రి పడకగా మారిస్తే అది తన చోటనుకుంటుంది. ఇంట్లోవాళ్లు కట్టి విడిచిన బట్ట ఒకటి పరిస్తే వాసనకు ఊరడిల్లుతుంది. విమానం ఎక్కించడానికి కొన్ని గంటల ముందు తేలికపాటి భోజనం చాలు. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఎత్తిదించేటప్పుడు ఒలకవు, కరిగేకొద్దీ తాగడానికి ఉంటాయి.

పొట్టి ముక్కు జాతులు, మత్తుమందు

పగ్, బుల్‌డాగ్, షిట్జూ, బాక్సర్ వంటి పొట్టి ముక్కు జాతులకు విమానం నిజంగానే గండం. వాటి శ్వాసనాళం ఇరుకు. కుక్క ఒంటి వేడి పోయేది ప్రధానంగా రొప్పడం వల్లనే. ఈ జాతులు సరిగా రొప్పలేవు. వేడి, భయం తోడైతే ఊపిరాడదు. అమెరికా విమాన సంస్థలు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికల ప్రకారం 2005 మే నుంచి ఐదేళ్లలో 122 కుక్కలు విమాన ప్రయాణంలో చనిపోగా, వాటిలో దాదాపు సగం ఈ జాతులవే. ఆ తర్వాత చాలా సంస్థలు వీటిని కింది అరలో తీసుకోవడం మానేశాయి. తీసుకునే చోట మామూలు కన్నా 10 శాతం పెద్ద బోను కావాలి.

కుక్క కంగారు పడుతుందని మత్తుమందు ఇవ్వడం ప్రమాదకరం. అది రక్తపోటును తగ్గిస్తుంది, ఒంటి వేడిని సర్దుకునే శక్తిని దెబ్బతీస్తుంది, బోను కదిలినప్పుడు నిలదొక్కుకోనివ్వదు. మత్తులో ఉన్నట్టు కనిపించిన కుక్కను ఎక్కించుకోవడానికి సంస్థలు నిరాకరిస్తాయి.

జాతి నిషేధాలు, చేరాక బాధ్యతలు

కొన్ని దేశాల్లో పత్రాలన్నీ ఉన్నా జాతే అడ్డొస్తుంది. బ్రిటన్ 1991 చట్టంతో పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలీరో జాతులను నిషేధించింది. మినహాయింపు పత్రం లేకుండా ఎక్స్ఎల్ బుల్లీని ఉంచుకోవడం 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో నేరమైంది. జర్మనీ పిట్‌బుల్, బుల్ టెర్రియర్ వంటి నాలుగు జాతుల రాకను అడ్డుకుంటుంది. మన వీధుల్లో పుట్టి పెరిగిన దేశవాళీ కుక్కకు ఈ చిక్కు లేదు. పైగా దాని ముక్కు పొడవు.

చేరాక కూడా పనులుంటాయి. జర్మనీలో స్థానిక సంస్థకు కుక్క పన్ను కట్టాలి. జపాన్‌లో మున్సిపాలిటీ వద్ద నమోదు చేయించి ఏటా రేబీస్ టీకా వేయించాలి. అమెరికా అపార్ట్‌మెంట్లలో కుక్కకు విడిగా నెలవారీ అద్దె అడగడం మామూలు; కొన్ని జాతులను రానివ్వరు కూడా. అందువల్ల అద్దె ఒప్పందం చూసుకోకుండా కుక్కను విమానం ఎక్కించకూడదు.

తిరిగి రావడం

భారత్‌లోకి కుక్కను తేవడమూ ఆషామాషీ వ్యవహారం కాదు. రెండేళ్లు వరసగా విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవారు రెండు పెంపుడు జంతువులను సామానుతోపాటు తెచ్చుకోవచ్చు. మిగతావారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి లైసెన్స్ పొందాలి. ఇద్దరికీ ఏక్యూసీఎస్ నిరభ్యంతర పత్రం ముందుగా కావాలి, దాని కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. అమ్మకానికీ, పిల్లల పెంపకానికీ విదేశీ కుక్కలను తేవడాన్ని 2016 ఏప్రిల్‌లో నిలిపేశారు. ఐరోపాలో స్థిరపడినవారు కుక్కతో భారత్ వచ్చి వెళ్లాలనుకుంటే, బయల్దేరే ముందే అక్కడ రక్తపరీక్ష చేయించి పాస్‌పోర్టులో రాయించుకుంటే తిరుగు ప్రయాణంలో మూడు నెలల నిరీక్షణ ఉండదు. ఇక్కడికి వచ్చాక చేయిస్తే ఉంటుంది.

ఆపత్కాలంలో నియమాలు సడలిన సందర్భమూ ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అక్కడి భారతీయ విద్యార్థులు కొందరు కుక్కలను, పిల్లులను వదిలి రాలేమని మొండికేశారు. కేంద్రం ఒకసారికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చి వాటిని ఆపరేషన్ గంగ విమానాల్లో రానిచ్చింది. పొరుగు ఐరోపా దేశాలు కూడా శరణార్థుల వెంట వచ్చిన జంతువులను ముందు రానిచ్చి, టీకా, చిప్ పనులు తర్వాత చూసుకున్నాయి.

వదిలి వెళ్లడం

ముసలి కుక్క, గుండె జబ్బున్న కుక్క, ఆరేడు నెలలకే తిరిగొచ్చే యజమాని కుక్క: వీటి విషయంలో ప్రయాణం కన్నా ఇక్కడే ఉంచడం మేలని పశువైద్యులు చెప్పే సందర్భాలుంటాయి. తల్లిదండ్రుల దగ్గరో, అలవాటున్న స్నేహితుల ఇంట్లోనో ఉంచేటప్పుడు టీకాలు, మందులు, ఖర్చు ఎవరు చూస్తారన్నది తేల్చుకోవాలి. కొత్త ఇల్లు వెతకాలంటే నెలల ముందే మొదలుపెట్టాలి. ప్రయాణం వారంలో పడ్డాక జంతు సంరక్షణ సంస్థల గుమ్మంలో వదిలిపెట్టడం, ఇంటి కుక్కను వీధి పాలు చేయడం మన నగరాల్లో కనిపించే దుస్థితే. మెత్తటి పరుపు మీద పెరిగిన కుక్క వీధి కుక్కల మధ్య ఎక్కువ రోజులు నిలవదు.

ముందున్న మార్పు

చిప్, టీకా, పరీక్షల ప్రమాణాలు ఇప్పుడు చాలావరకు అన్నిచోట్లా ఒక్కటే. టోక్యో నుంచి పారిస్ వెళ్లే కుక్కకు రక్తపరీక్షా, మూడు నెలల నిరీక్షణా లేకపోవడానికీ, హైదరాబాద్ కుక్కకు ఉండటానికీ కారణం కుక్కలో లేదు, ఊళ్లో ఉంది. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది రేబీస్‌తో చనిపోతున్నారని అంచనా. ఆ మరణాల్లో భారత్ వాటా పెద్దది, కారణం దాదాపుగా ఎప్పుడూ కుక్క కాటే. కుక్కల ద్వారా వచ్చే రేబీస్ మరణాలను 2030 నాటికి లేకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, దాని భాగస్వాములు లక్ష్యం పెట్టుకున్నాయి. అదే గడువుతో భారత్ 2021 సెప్టెంబర్‌లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధి కుక్కలకు పెద్ద ఎత్తున టీకాలు వేసిన గోవాను 2021లో రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. ఇంట్లోని కుక్కకు ఎన్ని టీకాలు వేయించినా, విదేశీ జాబితాల్లో దేశం స్థానాన్ని మార్చేది మాత్రం వీధి కుక్కలకు పడే టీకాలే.